కబురందని పంపు

పోయిన వారం ఆమెను ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుందా? సెల్లారు మెట్ల మీద, బట్టలు ఎగ్గట్టుకుని, చెవి దగ్గర ఫోనుతో. తెల్లారుతూనే పట్టిన వాన విడవలేదు. నేల అడుగున ఉన్న ఆ బైండింగు గదిలోకి గోడల మొదళ్ల నుంచి నీళ్లు ఊరుతున్నాయి. ఊరిన నీళ్లను ఊరినట్టే తోడి వీధి కాలువలో పోయాల్సిన పంపు మాత్రం, మూలనున్న గుంటలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. మార్కెట్ మూల మీది పంపుల షాపుకి ఫోను చేస్తే ఎవరు వస్తారో ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కిందట గనుల్లో నీళ్లు తోడే పనికని వెళ్లిపోయి, మూడు నెలలుగా ఇదే ఊళ్లో ఉంటూ ఈ గడప తొక్కని మనిషి. వరసకు ఆమె మేనత్త కొడుకు. పెళ్లితో ఆమె మొగుడు.

"మిగతావాళ్లంతా బయట ఉన్నారమ్మా. ఒక్కడే ఉన్నాడు, పంపమంటారా?" అన్నాడు షాపు యజమాని కాస్త నసుగుతూ.

"ఎవరైనా సరే, పంపండి" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఊరికే ఓడిపోయి చేసిన ఫోను కాదు అది. అంతకుముందే తన చేతనైనదంతా చేసి చూసింది. పంపు సంగతులు ఆమెకు నేర్పిందీ అతనే. పెళ్లయిన కొత్తలో, ఈ గుంట తవ్వి పంపు దించిన రోజున, ఆమెను ఇవే మెట్ల మీద కూర్చోబెట్టి చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు.

"చూడు జిగురూ, పంపు తిరగలేదని కంగారుపడి దాన్ని బయటికి లాగకు. ముందు కరెంటు వస్తోందో లేదో చూడు. తర్వాత చెవి పెట్టి విను. మూలుగుతోందంటే ప్రాణం ఉంది, రెక్కకి ఏదో అడ్డం పడిందని లెక్క. మూలుగు కూడా లేదంటే దానికి కబురే అందలేదు. అప్పుడు బంతి చూడు."

బంతి అంటే నీటి మీద తేలే ఫ్లోటు. గుంటలో నీళ్లు పెరిగితే అదీ పైకి లేస్తుంది. అది లేస్తేనే లోపల మీట పడి పంపు తిరుగుతుంది.

ఇక జిగురు అనేది ఆమె అసలు పేరేమీ కాదు. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా వేళ్లకు అట్టల జిగురు అంటించుకుని తిరిగేదని అతను తగిలించిన పేరు. ఆ పేరుతో పిలిచే నోరు లోకంలో ఒక్కటే. ఆ నోరు వెళ్లిపోయాక ఆ పేరూ పోయింది.

ఆ పాఠాన్నే ఆమె ఈ పొద్దున ఒకదాని తర్వాత ఒకటి ఒప్పజెప్పింది. ఎత్తుపీట మీద నిలబడి, చేతులు పొడిగా తుడుచుకుని, గోడ మీద ఎత్తున ఉన్న ప్లగ్గు పీకి, అదే సాకెట్లో టేబుల్ లైటు పెట్టి చూసింది. వెలిగింది. మళ్లీ పంపు ప్లగ్గు పెట్టి ఊపిరి బిగబట్టి వింది. మూలుగు లేదు. ప్రతి పనికీ ముందు అతని గొంతే చెవిలో పలుకుతోంది. మనిషి తనకు కాకుండా పోయాడు కానీ మాట మాత్రం పనికొస్తోంది. ఆ సంగతికే ఆమెకు ఒళ్లు మండింది, ఆ సంగతికే కళ్లు చెమర్చాయి.

మిగిలింది బంతి. గుంట మీది ఇనప మూత అప్పటికే నీళ్ల కింద ఉంది. పార మొన గుచ్చి లేపబోయింది. కదిలితేనా! ఆ మూత లేపడం ఎప్పుడూ అతని వంతే.

ఫోను పెట్టేసి ఆమె అరల దగ్గరికి పరిగెత్తింది. ఊరి లైబ్రరీ వాళ్లు కుట్టమని ఇచ్చిన పాత పత్రికల సంపుటాలు కింది అరల నిండా ఉన్నాయి. వాళ్ల తాతల కాలం నాటివి. అవి తడిస్తే మరో ప్రతి ఇంకెక్కడా లేదు. గుండెకు అదుముకుని నాలుగు సంపుటాలు పైకి చేర్చిందో లేదో, బయట మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినిపించింది.

ఈ నాలుగేళ్లలో వీధిలో బండి ఏది ఆగినా ఆమె చేతిలో సూది ఒక్క క్షణం ఆగేది. ఇవాళ ఆగాల్సిన బండే ఆగింది. ఆమె మాత్రం వెనక్కి తిరగలేదు.

మెట్ల మీద తడి బూట్ల చప్పుడు. బల్బు ఆరిపోయింది.

"మెయిను ఆపేశాను. టార్చి ఉందా?"

నాలుగేళ్ల తర్వాత మొగుడు పెళ్లాంతో అన్న మొదటి మాట అది. ఆమె ఎన్నో మొదటి మాటలు ఊహించుకుంది. పుస్తకాలు కుడుతూ, అట్టలు కోస్తూ, అన్నం సయించక పళ్లెం ముందు కూర్చుని, అతనేమంటే తానేమనాలో కూడా అనుకుని పెట్టుకుంది. వాటిలో టార్చి లేదు.

"ఉంది" అంది.

"ఇటు పట్టు."

పట్టింది. వెలుగు ముందు అతని మీద పడింది. తలమీంచి నీళ్లు కారుతున్నాయి. చెవుల పక్క జుట్టు నెరిసింది. మెడ దగ్గర ఎముక తేలింది. అక్కడ తినీ తినక ఉన్నాడేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుని వెలుగు గుంట మీదికి తిప్పింది.

అతను చొక్కా చేయి మడిచి, నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, మూత అంచు పట్టి ఒక్క ఊపున పక్కకు దొర్లించాడు. భుజం దాకా చేయి లోపలికి పోనిచ్చాడు. రెండో చేత్తో జేబులోంచి చిన్న కత్తి తీసి అదీ లోపలికి పంపాడు. మొహం పక్కకు తిప్పి, కళ్లు మూసుకుని, వేళ్లతోనే వెతుకుతున్నాడు. ఏదో తెగింది. గుంటలోంచి బంతి బుడుంగుమని పైకి తేలింది.

"పైకెక్కు. నీళ్లలో నిలబడకు" అని ఆమెను మెట్ల మీదికి తరిమి, తానూ ఎక్కి, వెళ్లి మెయిను వేశాడు. బల్బు వెలిగింది. మరుక్షణం గుంటలో పంపు గొంతు సవరించుకుని ఉరిమింది. గోడ వెంట ఉన్న గొట్టం అదిరింది. నేల మీది నీళ్లు నెమ్మదిగా మూలకు నడవడం మొదలుపెట్టాయి.

ఆమె గోడకు ఆనుకుని పెద్దగా ఊపిరి వదిలింది. అతను పంపు నీళ్లు లాగే దాకా ఆగలేక తడిసిపోతున్న అరల వైపు దూకబోయి, నీళ్లలో కరెంటు సంగతి గుర్తొచ్చి మెట్ల మీదే నిలబడ్డాడు. నీళ్లు మడమల కిందికి దిగాక ఇద్దరూ దిగారు.

మాటల్లేకుండా పనిలో పడ్డారు. అతను అందిస్తే ఆమె అందుకుంది. అడుగున ఉన్న రెండు సంపుటాల అంచులు మాత్రం తడిశాయి. ఆమె చెప్పకముందే అతను పొడి కాగితాలు తెచ్చి, పేజీకీ పేజీకీ మధ్య పెట్టి, అరచేత్తో మెల్లగా ఒత్తాడు. పెళ్లయిన ఏడాది అలా ఒత్తడం నేర్పుతూ ఆమె ఎంత నవ్వుకుందో! పంపులు విప్పే చేతులు బాబూ ఇవి, కాగితం మీద పెడితే కాగితమే భయపడుతుందని ఎగతాళి చేసేది. ఆ చేతులు నేర్చుకున్నది మరిచిపోలేదు.

అసలు వాళ్లకు గొడవంటూ జరగలేదు. అతనికి గనుల్లో పెద్ద పంపుల దగ్గర పని దొరికింది. నువ్వూ రా అన్నాడు. తండ్రినీ ఈ పనినీ వదిలి ఎలా వస్తానంది ఆమె. నువ్వే ఉండిపో అంది. ఇల్లరికపు అల్లుడిగా మామ పంచన జిగురు కలుపుకుంటూ బతకలేనన్నాడు అతను. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. అందుకే ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. అతను ఊరికి తిరిగొచ్చాడని విన్నాక ఆమె ఎదురుచూసింది. ఒక వారం, రెండు వారాలు. రాలేదు. ఆపైన ఎవరు అతని ఊసెత్తినా మాట తప్పించి కిందికి వచ్చేసేది. చివరికి పక్కింటివాళ్లు కూడా ఎత్తడం మానేశారు.

"ఏమైంది దానికి?" అంది ఆమె ఇప్పుడు, కాగితాల మీంచి తలెత్తకుండా.

"బంతి ఇరుక్కుంది."

"దేంట్లో?"

"పైపు పక్కన."

ఆమె చేతులు ఆగాయి. అతను గుంటలో చేయి పెట్టినప్పటి నుంచీ లోపల ఏదో ముల్లులా గుచ్చుకుంటోంది. అదేమిటో ఇప్పుడు తెలిసింది.

"కరెంటు వస్తోందా అని అడగలేదేం బావా?"

అతను ఉలిక్కిపడ్డాడు. బావా అన్నందుకో, అడిగినందుకో.

"మూలుగుతోందా అని కూడా అడగలేదు. ప్లగ్గు వైపు కన్నెత్తి చూడలేదు. పంపు పాడైన ఇంటికి వచ్చినవాడివి, నేరుగా గుంట దగ్గరికి పోయి చేయి పెట్టావ్. చేతిలో కత్తితో."

"వాన కదా, తొందర్లో..."

"ఆ గుప్పిట్లో ఏముంది?"

అప్పటిదాకా అతని ఎడమచేయి సగం మూసుకునే ఉంది. పుస్తకాలు మోస్తున్నప్పుడు కూడా ఆ వేళ్లు పూర్తిగా విచ్చుకోలేదు. అతను కాసేపు ఆ గుప్పిటను తనది కానట్టు చూశాడు. తర్వాత విప్పాడు.

మైనం రాసిన తెల్ల దారం. ఆమె బల్ల మీద ఉండే దారమే. తెగిన కొసన ముడి ఇంకా విడలేదు. పుస్తకం వెన్ను కుట్టేటప్పుడు వేసే ముడి అది. తండ్రి ఆమెకు నేర్పాడు. ఆమె ఇతనికి నేర్పింది.

"నువ్వే కట్టావ్" అంది ఆమె. ఆ ముడిని వేలితో తడిమింది. "బంతి పైకి లేవకుండా."

"ఆ."

"ఎప్పుడు?"

"నువ్వు లైబ్రరీకి పుస్తకాలు ఇవ్వడానికి వెళ్లిన రోజు. సందు వైపు తలుపు తాళం చెవి నా దగ్గరే ఉండిపోయింది. మామయ్య పైన నిద్రపోతున్నారు."

"నీకు మతి ఉందా? ఇవి తడిస్తే? ఇంకాస్త ఆలస్యమైతే ఆ పై అర కూడా పోయేది!"

"వాన వస్తుందనుకోలేదే! అప్పుడు ఎండలు పేలిపోతున్నాయి. గుంటలో ఎప్పుడూ ఊరే ఆ కాసిని నీళ్లే పెరిగి, మూత పైకి వస్తే, పంపు ఆగిపోయిందని చూస్తావ్, ఫోను చేస్తావ్ అనుకున్నాను. పొద్దున్న ఉరుము వినపడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోను పక్కనే కూర్చున్నా. అది మోగకపోయినా వచ్చేవాణ్నే. బండి అప్పటికే బయట పెట్టుకున్నాను. అవి తడిస్తే నా మొహం నీకు చూపించగలనా?"

"చూపించడానికి ఇదా దారి? దొంగలా వచ్చి పంపు గొంతు కట్టేసి పోతావా? తలుపు కొట్టడానికేం రోగం?"

"కొట్టాను" అన్నాడు అతను.

పంపు హోరులో తనకు సరిగా వినపడలేదనుకుంది ఆమె.

"ఊళ్లో దిగిన రోజే వచ్చి కొట్టాను జిగురూ. భుజం మీది సంచి కూడా దించలేదు. మామయ్య తీశారు. కింద నువ్వు పుస్తకాలు నొక్కే ప్రెస్సు బిగిస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నన్ను గడప అవతలే నిలబెట్టి లోపలికి వెళ్లొచ్చారు. అది నిన్ను చూడనంటోంది, ఇంకెప్పుడూ రావొద్దంటోంది అన్నారు."

ఆమె చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది. ఆ మూడు నెలలూ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. పొద్దున్నే తల దువ్వుకుని వీధి వైపు కిటికీ తీసి పెట్టడం, మధ్యాహ్నం దాకా కూర మూత తీయకుండా ఉంచడం, రాడని ఖాయం చేసుకున్నాక కూడా సాయంత్రం మళ్లీ తల దువ్వుకోవడం. అదంతా చూస్తూ పైన కుర్చీలో కూర్చున్న తండ్రి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు" అంది.

"అంటే?"

"నువ్వు తలుపు దాకా వచ్చావని కూడా తెలీదు. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను బావా. పిచ్చిదానిలా." ఆ మాట అనకూడదనుకుంది. అనేసింది. అన్నాక ఇక దాచుకోవడానికేమీ మిగల్లేదు. "వచ్చావని తెలిస్తే ఆ మెట్లు ఎక్కి రావడానికి నాకు ఎంతసేపు పట్టేది?"

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. చేయి చాపితే అందేంత దగ్గర. జిగురు వాసన, తడి చొక్కా వాసన కలిసిపోయాయి. ఆమె వేళ్లు వాటంతట అవే లేచి అతని నుదుటి మీద అంటుకున్న జుట్టును పక్కకు తీశాయి. నాలుగేళ్లు దాచిపెట్టుకున్నదంతా ఆ కొనవేళ్ల మీదికే వచ్చి నిలిచింది. అతను కళ్లు మూసుకున్నాడు.

మూసుకున్నవాడు ఉన్నట్టుండి తెరిచాడు. ఆమె చేయి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"ఉండు. నీకేమీ చెప్పలేదన్నావ్. అంటే ఆ సంగతి కూడా చెప్పలేదా?"

"ఏ సంగతి?"

అతని మొహంలో రంగు మారిపోయింది. "నేను మామయ్యకి చెప్పింది. అది వినే నన్ను చూడనన్నావనుకున్నాను. వింటే ఎవరైనా అంటారులే అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఒక్కసారి ఎదురుపడితే నువ్వే అడుగుతావు, నా నోటితో చెబుదామనే ఈ పిచ్చిపని చేశాను."

"ఏ సంగతి బావా?"

పై మెట్టు దగ్గర ఎవరో దగ్గారు.

ఆమె తండ్రి. చేతులకు వణుకు వచ్చినప్పటి నుంచి ఆయన సెల్లారులోకి దిగడం మానేశాడు. వీధి వీధంతా ఇప్పటికీ బైండరు గారనే పిలిచినా, సూది పట్టి చాలా కాలమైంది. రెండు చేతులతో పక్క గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ సగం దాకా దిగి అక్కడ ఆగాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో.

"నాన్నా, బావ చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"చూడనన్నానని నేను అన్నానా?"

"అనలేదు. నేను అన్నాను."

"ఎందుకు నాన్నా? రోజూ నేను పడుతున్నది చూస్తూ ఎలా ఊరుకున్నావ్? నేను వెళ్లిపోతే నీకు దిక్కెవరని భయపడ్డావా?"

ముసలాయన గడ్డం వణికింది. కోపం కాదు. ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. అయినా తల దించుకోలేదు.

"ఆ భయం నాకు లేదని అబద్ధం ఆడను అమ్మడూ. ఉంది. కానీ ఆ రోజు తలుపు వేసింది దానికి కాదు." అల్లుడి వైపు చూశాడు. "ఏరా, నీకు నేను చేసింది తప్పే. నీ మేనమామను, నీ చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాణ్ని. నిన్ను గడప దగ్గర నుంచే తిప్పి పంపాను, ఆ రాత్రి ముద్ద దిగలేదు నాకు. కానీ ఆ రోజు నాతో చెప్పిన మాట దాంతో చెప్పు. నేను చెప్పలేకపోయాను. అది విన్నాక కూడా నా కూతురు తలుపు తెరుస్తానంటే, ఈ వణికే చేతుల్తో నేనే తెరుస్తాను."

ఆమె తండ్రిని చూసింది, మొగుణ్ని చూసింది. ఇంత కాలమూ వాళ్లిద్దరికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదనుకుంది. ఇప్పుడు ఆ రెండు మొహాల్లోనూ ఒకటే జాలి. ఆ జాలి తన మీదే. దాన్ని చూసి ఆమెకు మొదటిసారి భయం వేసింది.

గుంటలో నీళ్లు అడుగంటాయి. పంపు దానంతట అది ఆగిపోయింది. అంతసేపూ హోరెత్తిన గదిలో ఒక్కసారిగా వాన చినుకుల చప్పుడు దగ్గరగా వినపడింది.

అతను బల్ల కింద నుంచి పీట లాగి, పైన తడి తుడిచి, ఆమె వైపు జరిపాడు.

"ముందు కూర్చో."

"నిలబడే వింటాను. చెప్పు."

అతను మామ వైపు ఒకసారి చూశాడు. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఈ ఊరికి నేను ఒక్కణ్నే రాలేదు, జిగురూ."